ఏడ్పులో అన్న మాట

మొన్న కోదాడలో ఒక చావుకు పోయాను. పోయినవాడు నా ఈడువాడే, ఒకప్పుడు మిల్లులో నాతో పనిచేసినవాడు. శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో పెట్టారు. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లో రుమాళ్ళు. ఎవరూ నోరు తెరవడం లేదు. ఒక మూల చిన్న స్పీకరులో ఏదో భజన తన మానాన తాను తిరుగుతోంది. పెద్ద కోడలు ఒక్కసారి "మామా" అని గొంతెత్తబోయింది. పక్కనున్న చెల్లెలు మోచేత్తో పొడిచి, "అక్కా, ఎవరన్న వీడియో తీస్తరు" అంది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

నేనక్కడ కూర్చోలేకపోయాను. బయటికొచ్చి గోడ నీడన నిలబడ్డాను. అబద్ధమెందుకు, నాకప్పుడు ఆ పోయినవాడు కాదు, ఆమె గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఆ ఇల్లు అట్లా ఉండనిచ్చేది కాదు. ఆమె కూడా పోయిన ఎండాకాలమే పోయింది. పేరు రాయను. ఒకసారి స్టేషన్లో పేరు రాయించుకొని ఆమె పడింది చాలు.

ఆమెది గొర్రెలు కాసే ఇల్లు. ఎండలు ముదిరితే మొగుడు మందను తోలుకొని కృష్ణ దాటిపోయేవాడు. వానలు పడ్డాక గాని తిరిగి వచ్చేవాడు కాదు. ఆ నెలల్లో ఆమె మిర్యాలగూడలో మా రైసుమిల్లుకు వడ్లు ఆరబోసే పనికి వచ్చేది. నేను బాయిలరు దగ్గర. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. అందుకే కాబోలు, చదవడం వచ్చిందన్న మురిపెం ముసలితనం దాకా పోలేదు. అన్నం తినేటప్పుడు పేపరు పరుచుకొని పైకి చదివేవాణ్ణి. ఆమె సద్ది తింటూ, చెవి నావైపు పెట్టి, చూపు నేలకేసి వినేది.

మంత్రి ఏదో ఇస్తానన్నాడని చదివితే, "మొన్న గూడ ఇదే సదివినవ్ గదనే. పాత పేపర్ తెచ్చినవా?" అనేది.

"ఇతను వేరే మంత్రి చెల్లె."

"మనిషి వేరేగాని నోరు ఒక్కటేనాయె."

పొట్టి మనిషి, అంగలు మాత్రం పెద్దవి. నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది కాదు. లారీ హారన్ కొడితే పక్కకు జరుగుతూ డ్రైవరును పలకరించి మరీ తిట్టేది. విన్న మాట మరిచేది కాదు, ఎవరింట్లో ఏ కూర మాడిందో కూడా.

ఆమె ఏడ్పుకు పేరు. కూలికి ఏడ్చే మనిషి కాదు, ఆ మాటంటే కొట్టేది. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో చావైతే "అత్తను తోలుకరాండ్రి" అని కబురొచ్చేది. పోయాక వెంటనే శవం దగ్గర కూర్చునేది కాదు. ముందు వంటింట్లోకి పోయేది. పొద్దున ఏం తిన్నాడు, చివరికి ఏం అడిగాడు, ఎవరొస్తారని తలుపు దిక్కు చూశాడు, ఎవరు రాలేదు, అని ఇంటి ఆడవాళ్ళను మెల్లగా అడిగేది. ఆ తరువాత తలాపున కూర్చొని, అరచేత్తో నేలను ఒకసారి చరిచి అందుకునేది. ఇక ఆ మనిషి బతుకంతా బయటపడేది. పెట్టిన చేయీ వచ్చేది, పెట్టని చేయీ వచ్చేది.

"వివరం లేని ఏడ్పు ఏడ్పేనా అన్నా? అది అరుపు. అరుసుడు కుక్కకు గూడ వస్తది" అనేది.

మాలో శోకానికి ఒక కట్టుబాటు ఉండేది. ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక చెబుతున్నాను. శవం ముందు ఏడ్చే ఆడది ఎవరినైనా ఏమైనా అనవచ్చు. దొరను అనవచ్చు, సొంత అన్నను అనవచ్చు. అనిపించుకున్నవాడు ఎదురు మాట్లాడకూడదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టి, తలొంచుకొని నిలబడాలి. ఆమె ఆ నీళ్ళు తాగితే సరి. మట్టి చేసొచ్చి అందరూ తలమీద నీళ్ళు పోసుకొని తానం చేశారంటే ఇక ఆ మాట లేదు. దాని మీద పంచాయితీ లేదు, పగ లేదు.

నా కళ్ళతో చూసింది ఒకటుంది. ఒక ముసలమ్మ పోయింది. కొడుకు సర్పంచిగా చేసినవాడు, మీసాలు పెద్దవి, నోరు అంతకంటే పెద్దది. ఈమె తలాపున కూర్చొని అందుకుంది.

"ఊరందరికి పింఛన్లు రాపిస్తివి కొడుకా, కన్నతల్లికి కంబడి కప్పకపోతివి కొడుకా."

జనం బిగుసుకుపోయారు. ఆయన లేచి ఇంట్లోకి పోయాడు. కర్రకు పోయాడనే అనుకున్నాం. చెంబుతో వచ్చాడు. దినాలనాడు చూస్తే అదే ఇంట్లో ఈమె ఆయన పెళ్ళాంతో కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తూ పగలబడి నవ్వుతోంది.

రాజ్యాంగం పుస్తకం నేను సూర్యాపేటలో పాత పుస్తకాల బండి మీద కొన్నాను. భావప్రకటనా స్వేచ్ఛ అని ఉన్న చోట చాలాసేపు ఆగాను. గొప్ప మాటే. కానీ మా ఆడవాళ్ళకు శవం తలాపున అది ఎప్పటినుంచో ఉంది. అక్కడ ఒక్కచోటే ఉండేది, నిజమే. బతికున్న మొగుడి ముందు ఉండేది కాదు. ఆ ఒక్క చోటైనా ఉండేది.

నన్ను మాత్రం ఊరికే విడిచేది కాదు. "అన్నా, రేపు నువ్వు పోతె నేనేమని ఏడ్వాలె? పేపర్లు సదివి సదివి పోయినవని ఏడ్వాల్నా? జర ఏదన్న చెయ్యి. మంచిదో చెడ్డదో, మాటలు దొరకాలె గద నాకు."

ఇక ఆ సంగతికి వస్తాను.

ఆమె అక్క పసికొడుకును వదిలి చిన్న వయసులోనే పోతే, వాణ్ణి ఈమే పెంచింది. సొంత కొడుకులకంటే ఎక్కువ చూసుకుంది. వాడు పెద్దవాడై మేళ్ళచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. కొత్త బండి కొన్నాడు. వాన పడ్డ పొద్దున పని దిగి వస్తూ నీళ్ళు నిండిన గుంతలో పడ్డాడు. వెనక లారీ వస్తోంది. ఏ దారి, ఏ ఆఫీసరు అన్నది చెప్పను. లారీలు తిరిగే దారులన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయి, వాటి మీది ఆఫీసర్లూ అంతే.

ఆ దారి చూసుకోవాల్సిన ఆఫీసరుకు ఫోనులో ఒక పేజీ ఉండేది. తన సొంతానిది కాదు, ఆఫీసు పేరు మీదిది. అందులో పొద్దున లేస్తే ఆయన ఫోటోలే. నెత్తిన టోపీ పెట్టుకొని వేలు చూపిస్తూ ఒకటి, మొక్కకు నీళ్ళు పోస్తూ ఒకటి. వాడు చావడానికి కొద్దిగా ముందే ఆ దారి బాగుచేయడం పూర్తయిందని ఫోటో పెట్టాడు. నున్నటి రోడ్డు. ఎక్కడిదో ఆయనకే తెలియాలి. దాని కింద జనం చప్పట్ల బొమ్మలు.

పోస్టుమార్టం గది ముందు వాణ్ణి బయటికి తెచ్చినప్పుడు ఆమె మట్టిలో కూర్చుంది. నేల చరిచింది.

"కొత్త బండి కొంటివి కొడుకో, కొత్త తోవ కొనలేకపోతివి కొడుకో. తోవ ఏసిన్నని ఫోన్ల బొమ్మ పెట్టిండట సారు, ఆ బొమ్మ మీదికెల్లి నడుపుకుంట రాకపోతివి కొడుకో. ఓ సారూ, నీకు కొడుకున్నడట, వాడు బండెక్కి పోయిననాడు నీ ఇంటిది గడపల కూసోని నా లెక్క ఎదురు సూస్తె నీకెరికైతది సారూ."

అక్కడున్న పోలీసు కానిస్టేబులు కూడా మొహం తిప్పుకున్నాడు. ఎవడో పిల్లవాడు ఫోను పైకెత్తి తీశాడు. సాయంత్రానికి అది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంతా తిరిగింది. తీసుకుపోయి ఆ నున్నటి రోడ్డు ఫోటో కిందే పెట్టారు, ఒకరి తరువాత ఒకరు.

ఆ ఆఫీసరు ఏం చేయవచ్చు? దారి చూసి రావచ్చు. గుంత పూడ్పించవచ్చు. ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు కూడా, అదీ ఒక మర్యాదే. ఆయన మొదట ఆ వీడియోలన్నీ తుడిపేశాడు, పెట్టినవాళ్ళను పేజీలోకి రాకుండా ఆపేశాడు. ఆ తరువాత తన కొడుకును చంపుతానని ఒక ఆడమనిషి బెదిరించిందనీ, ప్రభుత్వోద్యోగిని అవమానించిందనీ పోలీసులకు రాసిచ్చాడు.

కానిస్టేబులు ఇంటికొచ్చి, "అత్తా, ఆఫీసరు సారు సంగతి మీద స్టేషన్‌కు రమ్మన్నరు" అన్నాడట. ఆమె నాకు ఫోను చేసింది. గొంతులో చాలా రోజుల తరువాత కొంచెం ప్రాణం.

"అన్నా, ఆ తోవ సారుకు మనసున పట్టినట్టుంది. పిలిపిచ్చిండు. పలకరిస్తందుకే అయ్యుంటది. నువ్వు గూడ రా, పెద్ద సార్లతోని నాకు మాట్లాడరాదు."

నేను పేపర్లు చదివేవాణ్ణి. పోలీసు స్టేషన్లో ఎవరూ ఎవరినీ పలకరించరని నాకు తెలుసు. ఆమె గొంతు విని ఫోనులో ఆ మాట అనలేకపోయాను. అప్పటికి నేనుండేది సూర్యాపేటలో, అక్కడే బస్సెక్కాను.

స్టేషన్ ముందు నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. కొంగులో పిల్లవాడి ఫోటో చుట్టి పట్టుకుంది, సారుకు చూపించడానికి. లోపల కూర్చోబెట్టారు. తలుపు దగ్గర అడుగుల చప్పుడు అయినప్పుడల్లా లేచి నిలబడుతోంది.

"సారు ఇంక రాలేదా బిడ్డా?" అని ఎస్సైని అడిగింది.

"ఏ సారమ్మా?" ఎస్సై కుర్రవాడు, మాట కోదాడ అవతలి ఆంధ్ర మాట.

"గదే, తోవ సారు. నేనేమనుకోను అని చెప్పు. వస్తె సాలు. ఇన్ని నీళ్ళిస్తె తాగుత."

ఎస్సైకి అర్థం కాలేదు. కానిస్టేబులుకు అర్థమైంది. అతను ఈ ఊళ్ళవాడే. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ఆయన రాడమ్మా. ఆయనిచ్చిన కంప్లైంటు మీదే పిలిచాం," అన్నాడు ఎస్సై. "ఆ పాట ఎవరు రాసిచ్చారు నీకు?"

"పాట గాదు బిడ్డా. ఏడ్పు."

"అదే, ఎవరు రాసిచ్చారు?"

"ఏడ్పు రాస్తరా?"

"పోనీ, ఎవరు అనమన్నారు?"

ఆమె కొంగు విప్పి ఫోటో బల్ల మీద పెట్టింది. "వీడే."

ఎస్సై నావైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరేమవుతారు? ఏ పార్టీ?"

"అన్న వరస. పార్టీ లేదు, మిల్లు," అన్నాను. "మనిషి పోయి ఏడిస్తే కేసేంది సార్? రాజ్యాంగంలో..."

"రాజ్యాంగం చదివే నేనీ కుర్చీలోకొచ్చాను. అందులో షరతులు కూడా ఉన్నాయి. అవి చదివారా?"

"చదివిన. ఏడ్పు మీద షరతు కండ్లవడలే."

కానిస్టేబులు దగ్గాడు. ఎస్సైకి కోపం రాలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. బల్ల మీదికి వంగి, ఇంటివాడిలా మాట్లాడాడు. "మా అమ్మా ఏడ్చిందండి మా నాన్నకి. నాకు తెలీదా? పైనుంచి పట్టు పట్టారు, నేనేం చేసేది? అమ్మా, మీ చిన్నబ్బాయి ఫ్యాక్టరీ లారీ నడుపుతున్నాడంట కదా. కేసు పడితే వాళ్ళు పనిలో ఉంచుకోరు. తప్పయిందని రెండు ముక్కలు ఫోను వీడియోలో చెప్పేసి ఇంటికెళ్ళిపో."

"చెల్లె, చెప్పకు," అన్నాను. "కేసు పెట్టనియ్యి. కోర్టుంది."

ఆమె నా దిక్కు చూడలేదు. ఫోటో తీసుకొని కొంగులో చుట్టుకుంది. మాట్లాడమని కానిస్టేబులు ఫోను పట్టుకుంటే, అలవాటు కొద్దీ నేల మీద కూర్చోబోయింది, అరచేయి కిందికి పోయింది.

"కింద గాదత్తా. నిలబడి, గీడ సూడు."

నిలబడి చేతులు జోడించింది. "తప్పుగ మాట్లాడిన. సారు మంచోడు," అంది. ఎస్సై వెనకనుంచి మెల్లగా అందించాడు. "తోవ మంచిగున్నది," అంది.

ఆ రాత్రే అది ఆఫీసు పేజీలో ఎక్కింది. దండం పెడుతున్న ఆమె మొహం, పైన "నిజం గెలిచింది" అన్న మాట. నాకు ఒళ్ళు మండింది. వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కొని కింద రాశాను: "అయ్యా, ఆమె మాట వెనక్కి తీసుకున్నది. గుంత మాత్రం అక్కడనే ఉన్నది." తిట్టు లేదు, బూతు లేదు. పొద్దున చూస్తే ఆ పేజీ నాకు కనిపించలేదు. ఫోను చెడిందేమోనని దుకాణానికి తీసుకుపోతే, "తాతా, సారు నిన్ను బ్లాక్ చేసిండు" అని అక్కడి కుర్రవాడు నవ్వాడు.

సొంత పేజీ అయితే నేను అడగను. ఎవడింట్లోకి ఎవడు రావాలో వాడిష్టం. అది ఆఫీసుది. ఏ దారి మూశారు, ఫిర్యాదులు ఏ రోజు వింటారు, అన్నీ అందులోనే చెబుతారు. ఆఫీసు గోడ మీది నోటీసు చదువుతున్నవాణ్ణి, నువ్వొక మాటన్నావు కనుక చదవకు అని మెడబట్టి గెంటవచ్చునా? పైవాళ్ళకు రాశాను. జవాబు లేదు. కొన్నాళ్ళకు ఆయన బదిలీ మీద పోయాడు, శాలువాలు కప్పించుకొని.

కోర్టుకు పోదామని ఆమె ఇంటికి రెండు మూడుసార్లు తిరిగాను. కోపంలో నాకు అలుపు తెలియలేదు. చివరిసారి గొర్రెపిల్లకు ఆకు అందిస్తూ, నా మాటంతా విన్నాక అడిగింది.

"అన్నా, నేనన్న మాట తానంతోని పోవాలె గద. ఎందుకు పోలే?"

"ఫోనులో ఉండిపోయింది చెల్లె."

"ఆ ఫోనుకు తానం లేదా?"

ఆమె ఇంకో ఆకుకొమ్మ అందుకుంది.

"మరి సారు మాట గూడ అండ్లనే ఉన్నదా? తోవ ఏసిన్నన్నది?"

"ఉన్నది."

"ఆయన్నెవరు పిలువలే స్టేషన్‌కు," అంది. అడిగినట్టు కాదు, ఊరికే అంది. ఆకు అయిపోయాక చేతులు దులుపుకుంది. "వద్దన్నా. చిన్నోనికి ఇద్దరు పిల్లలు. నీ రాజ్యాంగం నీతోనే ఉండనియ్యి."

ఆ తరువాత చావులకు పిలిస్తే పోయేది గాని వంటింట్లోకి పోవడం మానేసింది. వెనక గోడకానుకొని కూర్చొని లేచి వచ్చేది. ఎవరన్నా బలవంతం చేస్తే గొంతు పోయిందనేది. గొంతు బాగానే ఉంది. మంద దొడ్డిలోకి తోలేటప్పుడు రోడ్డు దాకా వినిపించేది.

ఆమె మొగుడు పోయినప్పుడు నేనున్నాను. జ్వరం తలకెక్కితే దవాఖానకు తీసుకుపోయారు. ఏ దవాఖానో కూడా చెప్పను. మంచం లేదని వరండాలో పడుకోబెట్టారు. రేకుల సందుల్లోంచి ఎండ. ఆమె చీర కొంగు పరిచి నీడ పట్టుకొని నిలబడింది. డాక్టరు వస్తాడు వస్తాడన్నారు. వచ్చేసరికి ముసలాయన చూపు నిలిచిపోయింది. కృష్ణ దాటి మందలు తోలిన మనిషి. వరండాలో, చెప్పుల పక్కన పోయాడు. నీళ్ళు, నీళ్ళు అని అడగడం నేను విన్నాను.

ఇంటికి తెచ్చాక వాకిట్లో పడుకోబెట్టారు. ఊళ్ళకు ఊళ్ళు వచ్చాయి. మొగుడి కోసమైనా ఆమె నోరు తెరుస్తుందని ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. కుర్రవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. వాళ్ళకూ సిగ్గుంది. ఒక్క ఫోను పైకి లేవలేదు, నేను చుట్టూ చూశాను.

ఆమె తలాపున కూర్చుంది. చాలాసేపు ఆయన జుట్టు సవరించింది. నేల చరిచింది. ఇప్పుడొస్తుంది అనుకున్నాను. ఆ వరండా, ఆ ఎండ, ఆ రాని డాక్టరు, అన్నీ ఇప్పుడొస్తాయి.

"మంచి దవాఖానకే పోయినవు నా దేవుడో," అని అందుకుంది. "మంచిగనే సూసిండ్రు నా దేవుడో. డాక్టరు సారు మంచోడు నా దేవుడో. ఎవ్వరి తప్పు లేదు నా దేవుడో, నీ ఆయువే గంత నా దేవుడో."

గొంతు అదే. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో అదే. ఊగుతున్న ముసలివాళ్ళు ఊగడం ఆపారు. ఒకామె "ఇదేందే" అని ఇంకొకామె మొహం చూసింది. చిన్న కొడుకు లేచి గొర్రెల దొడ్డి వెనక్కి పోయాడు. ఆమె మాత్రం ఆపలేదు. నర్సు మంచిది, ఆటో మంచిది, సర్కారు మంచిది. పేరుపేరునా అందరినీ మంచివాళ్ళను చేసి లేచింది.

నేను పందిరి గుంజ దగ్గర నిలబడి ఉన్నాను. నా దగ్గరికి వచ్చింది. కళ్ళు తుడుచుకుంది. చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నువ్వు సదువుకున్నోడివి. నా మాటల్ల తప్పేం రాలే గద?"

నన్ను చదువుకున్నవాడన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

"లేదు చెల్లె," అన్నాను. "తప్పేం రాలే."

ఆమె తలూపి, మళ్ళీ ఆయన దగ్గరికి పోయి కూర్చుంది.